ఒక్కడిగా రాసిన ఇద్దరు

యూనియన్ ఆఫీసు, మేడమీద గది

పంతులమ్మా,

నీ పుస్తకం లారీ డ్రైవరు పదిలంగా తెచ్చిచ్చాడు. దార్లో ఆగినచోటల్లా చదివాడట. "మీ అక్క మంచిదే గానీ వాక్యాలు మరీ పొడుగు, ఎక్కడ బ్రేకు వెయ్యాలో తెలీదు" అన్నాడు. ఇకమీదట ఉత్తరాలు కూడా ఇతని చేతికే ఇవ్వు. పోస్టులో వద్దు, ఫోన్లో అసలే వద్దు. ఆఫీసు ఫోను ఎత్తితే మనకంటే ముందే అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

షిఫ్టు అయ్యాక కింద హాల్లో పుస్తకం పైకి చదివించాం. మిక్సింగు గది గురించి రాసిన చోట ఒక్కడూ కదల్లేదు. గాజు కోసం ఇసుకా సోడా కలిపేటప్పుడు దుమ్ము ఎలా లేస్తుందో, తనిఖీ రోజున మాత్రం నేల తడిపి, ఒకే మిషను నడిపి ఎలా కళ్ళు కప్పుతారో ఉన్నది ఉన్నట్టు రాశావు. నాన్న గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. అయినా ఆ పేజీల్లో నాకు ఆయన దగ్గే వినిపించింది. ఊపిరితిత్తుల కేసులో నీ పుస్తకాన్ని సాక్ష్యంగా పెడుతున్నాం. మిక్సింగు గదివాళ్ళ పరిహారం ఇప్పుడు దానిమీదే ఆధారపడి ఉందని ప్రెసిడెంటు అంటున్నాడు.

ఇక నీ 'పెద్దాయన' సంగతి. ఫిట్టరు బాబాయి నోటిమాటా, నా చేతిపనీ కలిపి ఒక మనిషిని చేశావు. బాగానే కుదిరాడు. గ్యాసు వాల్వు కట్టేసి ఫర్నేసు ఆపిన పేజీ వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. పక్కనున్న బాబాయి మాత్రం గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. హాల్లో ఎవరూ నావైపు చూడలేదు, అంతవరకు నయం. కానీ గడియారాల ముక్క తీసెయ్యమన్నాను కదా, ఎందుకు ఉంచావు? బస్తీలో అందరి గడియారాలూ ఊరికే బాగుచేసే మనిషి బాబాయి తప్ప ఇంకెవరున్నారు? అది చదువుతుంటే హాలంతా నవ్వింది, బాబాయి కూడా నవ్వాడు.

వేళకి తిను.

మొండి


డిపార్ట్‌మెంటు, మెట్ల కింద నా గది

ఒరేయ్ మొండీ,

డ్రైవరుగారి విమర్శ తలవంచి స్వీకరించాను. ఆయనతో చెప్పు, మా వాళ్ళు ఇంతకంటే తక్కువ చదివి ఇంతకంటే ఎక్కువ మాట్లాడారు.

నిన్న సెమినారు పెట్టారు. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి, "అమ్మా, తమరు పరిశోధకులా, కార్యకర్తలా?" అని తాపీగా అడిగాడు. దుమ్ము తూచినంతసేపు పరిశోధకురాలినే, తూచాకే కోపం వచ్చింది అన్నాను. కొందరు చప్పట్లు కొట్టారు. మా హెడ్ మాత్రం తర్వాత గదిలోకి పిలిచి, "కోపం మంచిదే, కానీ ఫుట్‌నోట్లు గట్టిగా ఉండాలి" అన్నాడు. గట్టిగానే ఉన్నాయిరా. ఏళ్ళ తరబడి ఆ గేటు బయట నిలబడి రాసుకున్నవి.

పెద్దాయన గురించి నువ్వేం భయపడకు. మనుషుల్ని కాపాడ్డానికి మా పనిలో అది వాడుకే. వయసు మారుస్తాం, పని మారుస్తాం, మరీ అవసరమైతే ఇద్దర్ని కలిపి ఒకరిగా రాస్తాం. మంట ఆగితే కరిగిన గాజు లోపలే గడ్డకట్టి ఫర్నేసు పగులుతుందని తెలిసే సమ్మెలో నువ్వు వాల్వు కట్టేశావు. ఎవరు కట్టారో పోలీసులు ఈనాటికీ తేల్చలేదు. తనిఖీ నాటకం బయటపెట్టింది బాబాయి అని తెలిస్తే ఆయన ఉద్యోగం ఊడుతుంది. అందుకే ఇద్దర్నీ కలిపాను. ఎవరు వెతికినా అలాంటి మనిషి దొరకడు, ఎందుకంటే లేడు. నువ్వూ ఒప్పుకున్నాకే కదా చేశాం.

గడియారాలంటావా, నిజం చెప్పాలంటే అది తియ్యడానికి చెయ్యి రాలేదు. గాజు దుమ్ముతో గరుకెక్కిన చేతులు అంత సన్నటి పని చెయ్యడం, ఆ పేరా లేకపోతే మనిషి మనిషిలా లేడు. రాసేవాళ్ళ యావ అది. తిట్టుకో.

అక్క


యూనియన్ ఆఫీసు

పంతులమ్మా,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని అలగకు, పని ఊపిరి సలపనివ్వట్లేదు. జీతాల ఒప్పందం మాటలు మొదలయ్యాయి. మేనేజరు మొదటిసారి మాకు కుర్చీలు వేయించాడు. ప్రెసిడెంటుకి ఆరోగ్యం బాలేదు కాబట్టి ఎక్కువ మాట్లాడేది నేనే. నాన్న చూస్తే నవ్వేవాడు, మాట్లాడ్డం రాదనే కదా నన్ను ఫ్యాక్టరీలో వేశాడు.

వాన పడుతోంది. ఆఫీసు పైకప్పు కారుతుంటే నీ పుస్తకాల కట్టని బల్లమీదకి ఎక్కించాం. ఇంట్లో నాన్న గోడగడియారం మళ్ళీ ఆగింది. తీసుకెళ్దామంటే బాబాయి ఊళ్ళో లేడు, పెద్దకూతురి దగ్గరికి వెళ్ళాడు. మనవడికి జ్వరమట.

కేసు నడుస్తోంది. నువ్వు కోర్టుకి రావాల్సిన పనిలేదు, పుస్తకమే మాట్లాడుతుందని వకీలు అన్నాడు. ఎవరైనా విలేకరులు వచ్చి పెద్దాయన గురించి అడిగితే ఏమీ చెప్పకు.

మొండి


నా క్వార్టరు, వంటింటి బల్ల

తమ్ముడికి,

బాబాయి పెద్దకూతురు ఇవాళ నా గుమ్మంలో నిలబడింది. ఆసుపత్రి డ్యూటీ దిగి, నర్సు బట్టల్లోనే బస్సెక్కి వచ్చింది. మనవడికి జ్వరం తగ్గిందా అని అడిగాను. ఆ పిల్ల నావంక వింతగా చూసింది. దానికి ఇంకా పెళ్ళే కాలేదట.

బాబాయి ఊళ్ళోనే ఉన్నాడు, సబ్‌జైల్లో. నువ్వు నాకు వానల గురించి రాసేనాటికే ఉన్నాడు. పోలీసులు నా పుస్తకం పట్టుకుని బస్తీకి వచ్చారట. గడియారాలు బాగుచేసేది ఎవరని ఒక చిన్నపిల్లాణ్ణి అడిగితే వాడు సంతోషంగా ఇంటిదాకా తీసుకెళ్ళి చూపించాడట. మనిషి దొరికాక మిగతాదంతా పుస్తకంలో ఉంది. పెద్దాయనే బాబాయి అయితే, వాల్వు కట్టిందీ బాబాయే.

నేను వయసు మార్చాను, కుంటికాలు తీసేశాను, ఇద్దరు కూతుళ్ళని ఇద్దరు కొడుకుల్ని చేశాను. ఆ ఒక్క పేరా ఉంచాను. నీకు నేను కట్టిన ముసుగే ఆయన మెడకి ఉరితాడై బిగుసుకుంది.

ఆ పిల్ల నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మంచినీళ్ళు తాగి, "మా నాన్న ఆ రోజు ఫర్నేసు దగ్గరికే వెళ్ళలేదండీ, చెల్లికి ఒళ్ళు బాగోలేక ఇంట్లోనే ఉన్నాడు. మీకు తెలిసే ఉంటుంది కదా" అంది. తెలుసమ్మా అన్నాను.

నువ్వు నాకు అబద్ధం రాశావు. జ్వరం, మనవడు, వాన. ఎందుకు రాశావో చెప్పు. ఏం చెయ్యబోతున్నావో కూడా చెప్పు.

అక్క


యూనియన్ ఆఫీసు

అక్కా,

తిట్టు, పడతాను. కానీ ముందు పూర్తిగా విను.

బాబాయిని తీసుకెళ్ళిన పూటే నేను చొక్కా వేసుకుని బయల్దేరాను. గేటు దగ్గర ప్రెసిడెంటు ఆపాడు. "నువ్వెళ్ళి నేనే కట్టానంటే ఏమవుతుందో ఆలోచించావా? పెద్దాయన అనే మనిషే లేడని తేలుతుంది. ఒక మనిషిని కల్పించిన పుస్తకంలో దుమ్ము కూడా కల్పితమేనని కంపెనీ వకీలు అంటాడు. మిక్సింగు గదివాళ్ళ కేసు ఆ పూటే చస్తుంది. నువ్వు లోపలికెళ్తే ఒప్పందం మాట్లాడే నాథుడుండడు" అన్నాడు. ఇందులో ఏది తప్పో చెప్పు. అందరికంటే ఎక్కువ చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

ఆ మిక్సింగు గదిలోవాళ్ళు రక్తం కక్కుతున్నారు. పరిహారం వస్తే కొందరైనా మందులు కొనుక్కుంటారు. వాళ్ళందరూ ఒకవైపు, బాబాయి ఒకవైపు. ఆయనకి మంచి వకీలుని పెట్టాం, మందులు పంపుతున్నాం, చిన్నకూతురి చదువు యూనియన్ చూసుకుంటుంది. ఊపిరితిత్తుల కేసు తీర్పు రానీ, మర్నాడే వెళ్ళి లొంగిపోతాను. నాన్న మీద ఒట్టు.

నువ్వు తెలుసుకుంటే ఆగవని తెలుసు, అందుకే రాయలేదు. ఆగక్కా. ఈ ఒక్కసారికి ఆగు.

మొండి


జైలు ఎదుటి బస్టాపు, ఆపైన ఇల్లు

మొండీ,

బాబాయిని చూసొచ్చాను. ఇనప జాలీకి అటువైపు కూర్చున్నాడు. దగ్గొచ్చినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకుని, అయ్యాక మర్యాదగా ఇటు తిరిగాడు. నేను ఏడిస్తే, "ఊరుకోమ్మా, లోపల ఫ్యాక్టరీ కంటే దుమ్ము తక్కువే" అన్నాడు. మీరు కట్టలేదని పోలీసులకి చెప్పారా అని అడిగాను. చెప్పానన్నాడు. మరి ఎవరు కట్టారని అడగలేదా అంటే, అడిగారన్నాడు. ఆయన అరచేతుల మీద వాతలు తేలి ఉన్నాయి. నేను అక్కడే చూస్తుంటే చేతులు కిందకి దించుకున్నాడు. ఆయనకి తెలుసురా. మొదట్నించీ తెలుసు.

మా హెడ్ నిన్న గది తలుపు వేసి మరీ చెప్పాడు. "నోరు మెదపకండి. ఇద్దర్ని కలిపానని మీ నోటితో అంటే ఇన్నేళ్ళ పనీ బూడిదలో పోసినట్టే. శాస్త్రం నిలబడాలి." మీ ప్రెసిడెంటు పోరాటం నిలబడాలంటున్నాడు. మన పార్టీ అంటే మా హెడ్‌కి పడదు, ప్రొఫెసర్లంటే మీ ప్రెసిడెంటుకి పడదు. బాబాయి దగ్గరికొచ్చేసరికి ఇద్దరి మాటా అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయింది.

అందరూ ఒకవైపు, ఒక్కడు ఒకవైపు అన్నావు. ఆ లెక్క పలకమీద రాసినప్పుడు బాగానే ఉంటుంది. నేనూ క్లాసులో చాలాసార్లు రాశాను. కానీ ఆ ఒక్కణ్ణి అటువైపు నిలబెట్టింది మనం. మిక్సింగు గదివాళ్ళని నేనూ మర్చిపోలేదు. నాన్న ఆ గది దుమ్ముకే కదా పోయాడు. ఆయన కోసమే ఈ పుస్తకం రాశాను, దాన్ని నా చేత్తోనే చంపబోతున్నాను.

వచ్చేవారం బాబాయి కేసు విచారణలో, కోర్టులో చెప్తాను. పెద్దాయన ఒకడు కాదు, ఇద్దరు, వాల్వు కట్టింది ఫిట్టరు కాదు అని. రెండోవాడెవరో చెప్పను. అది చెప్పాల్సింది నువ్వు. ఆ రోజుకి వచ్చెయ్యి. ఇద్దరం కలిసి నిలబడదాం.

అక్క


యూనియన్ కార్యాలయం

ఆచార్యులు గారికి,

కార్యవర్గ తీర్మానం దీంతో జతచేస్తున్నాం. తమ పుస్తకంలోని విషయాలకూ యూనియన్‌కూ ఎలాంటి సంబంధం లేదనీ, కార్మికుల జీవితాలను సొంత పేరుకోసం వాడుకున్న మేధావుల పట్ల సభ్యులు జాగ్రత్తగా ఉండాలనీ సభలో తీర్మానించాం. పుస్తకాన్ని సాక్ష్యంగా తీసుకోలేమని లేబర్ కోర్టు చెప్పేసింది. పరిహారం కేసు కొట్టేశారు. మిక్సింగు గది కార్మికుల కుటుంబాలు తమ మీద చాలా కోపంగా ఉన్నాయి. బస్తీకి రావద్దని మనవి.

ఇంతవరకూ ప్రెసిడెంటు చెప్పి రాయించాడు. ఆయన వెళ్ళాడు.

అక్కా, తీర్మానం సభలో చదివింది నేనే. చదువుతుంటే ఎవరో వేరేవాడు చదువుతున్నట్టే ఉంది.

ఆ రోజు కోర్టుకి వచ్చాను. వరండా దాకా వచ్చాను. నువ్వు బోనులో నిలబడి కళ్ళజోడు తుడుచుకోవడం కిటికీలోంచి కనిపించింది. అక్కణ్ణించే వెనక్కి తిరిగి వచ్చేశాను.

బాబాయి బెయిలు మీద ఇంటికొచ్చాడు. చూడ్డానికి వెళ్ళాను. తలుపు మొహమ్మీద వేస్తాడనుకున్నాను, కుర్చీ వేసి టీ ఇప్పించాడు. వేసేసినా బాగుండేది.

రెండోవాడి పేరు చెప్పకపోతే నిన్ను లోపల వేస్తారని విన్నాను. ఒప్పందం సంతకాల దాకా వచ్చింది. అది అవగానే వస్తాను.

మొండి


ఆడవాళ్ళ జైలు

మొండీ,

గదిలో నలుగురం ఉన్నాం. తలుపు పక్కన చోటు నాది. కొత్తగా వచ్చినవాళ్ళకి అదే ఇస్తారట. మొదటిరోజు ఒకావిడ, "ఏం చేసి వచ్చావు?" అంది. పుస్తకం రాశాను అన్నాను. "అందులో తప్పులున్నాయా?" అంది. ఒకటుంది అన్నాను. "ఒక్కదానికేనా" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పేపర్లు నన్ను ఆకాశానికెత్తుతున్నాయి. తనను నమ్మి మాట్లాడిన మనిషిని పట్టివ్వకుండా శాస్త్ర ధర్మం నిలబెట్టిందట. వేరే దేశాల ప్రొఫెసర్లు సంతకాలు చేశారట. మా హెడ్ కూడా చేశాడు, ఉద్యోగంలోంచి నన్ను తీసేసిన కాగితం మీద చేసిన చేత్తోనే. చదువుతుంటే తల తీసేసినట్టుంది. రెండోవాడు నా తమ్ముడు కాకపోయి ఉంటే నేను నోరు మూసుకునేదాన్నా? రోజూ అడుగుతున్నాను, నాకే తెలియడం లేదు. నువ్వు నా పరిశోధనలో మనిషివి, నా పార్టీవాడివి, నేను ఎత్తుకు పెంచినవాడివి. వీటిలో దేనికోసం ఇక్కడున్నానో విడదీసి చెప్పమంటే చెప్పలేను. జీవితమంతా ఇలాంటివి విడదీసి చెప్పడమే నా ఉద్యోగం.

మిక్సింగు గదివాళ్ళ ఇళ్ళనుంచి ఒక్కరూ రాలేదు. రారు. వాళ్ళ కోపం న్యాయమే.

ఒప్పందం అయిందని పేపర్లో చూశాను. ఫొటోలో నువ్వు కొత్త చొక్కా వేసుకున్నావు.

అక్క


యూనియన్ ఆఫీసు

అక్కా,

వస్తాను. ఒప్పందం అయింది గానీ ప్రెసిడెంటు మంచం పట్టాడు, ఎన్నికలు పెట్టాలి. నేను లేకపోతే కంపెనీ మనుషులు గెలుస్తారు. పై నెల జనరల్ బాడీ అవగానే తప్పకుండా వస్తాను. బాబాయికి కూడా అలాగే రాశాను, మొహం చెల్లక ఇంటికి వెళ్ళలేకపోతున్నాను. ఆరోగ్యం జాగ్రత్త.

మొండి


ఆడవాళ్ళ జైలు

ఒరేయ్,

బాబాయి నన్ను చూడ్డానికొచ్చాడు. పెద్దకూతురు పట్టుకుని నడిపించుకొచ్చింది. ఇచ్చిన సమయంలో సగం ఆయాసం తీర్చుకోవడానికే సరిపోయింది.

బస్తీలో ఆయనతో ఎవరూ మాట్లాడడం లేదట. నువ్వు నాకు రాయలేదు. పరిహారం పోయింది ఆయన్ని విడిపించడం వల్లే కదా, లోపల ఏదో ఒప్పుకుని, ఎవర్నో అమ్మేసి బయటపడ్డాడని అనుకుంటున్నారట. ఆ మాట యూనియన్ అనలేదు, కాదని కూడా అనలేదు. గడియారాలు తేవడం మానేశారట. ఇంట్లో బాగుచేసి పెట్టినవి కూడా ఎవరూ వచ్చి పట్టుకెళ్ళలేదట. "అన్నీ ఒక్కసారే గంటలు కొడుతున్నాయమ్మా, నిద్రపట్టడం లేదు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు.

నీ ఉత్తరాలు తనకీ వస్తున్నాయని చెప్పాడు. వస్తాను అని రాసిన ప్రతిసారీ గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంటున్నాడట. ఆ పిల్ల చెప్పింది, ఆయన లేచి వెళ్ళాక.

నువ్వు పోలీసుల దగ్గరికి వెళ్ళకు. నా కోసమూ రాకు. ఇక్కడ నాకు అలవాటైపోయింది. ఇంట్లో నాన్న గడియారం ఆగిపోయి ఉందన్నావు కదా. దాన్ని గోడమీంచి దించి, పట్టపగలు, అందరూ చూస్తుండగా, వీధి ఈ చివర్నించి ఆ చివరికి నడిచి ఆయన చేతికివ్వు. నువ్వు తీసుకెళ్తే అందరూ తీసుకెళ్తారు. అంతకంటే ఏమీ అడగను. ఆయనకి ఎక్కువ రోజులు లేవు, జాలీ ఇవతల్నించే నాకు తెలిసిపోయింది. నాన్న చివర్లో అలాగే ఊపిరి తీసేవాడు.

అది కూడా చేతకాకపోతే, వస్తానని మాత్రం రాయకు.

అక్క


ఇల్లు

అక్కా,

గడియారం తీసుకెళ్ళాను. నీ ఉత్తరం రాగానే వెళ్ళాల్సింది. ఎన్నికలు అయ్యాక వెళ్ళాను.

వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. కొత్త ప్రెసిడెంటునని దండాలు పెట్టారు. గడియారం బరువుగా ఉంది, చంక మార్చుకుంటూ నడిచాను. వాళ్ళింటి ముందు చెప్పులు లేవు, మనుషులు లేరు. ముందురోజే అంతా అయిపోయిందట. మోయడానికి మనుషులు చాలక ఆసుపత్రి వార్డుబాయిలు వచ్చారట. నాకు ఎవరూ చెప్పలేదు.

పెద్దమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. గడియారం వంక చూసి, "బాగుచేసేవాళ్ళు లేరండీ" అంది. అప్పుడు చెప్పాను, వాల్వు కట్టింది నేనని. చాలా చిన్నగా చెప్పాను. "నాన్నకి తెలుసు, మాకూ తెలుసు" అంది. "ఇటు కాదు, అటు తిరిగి చెప్పండి" అని వీధి చూపించింది.

తిరిగాను. అందరూ నావైపే చూస్తున్నారు. పిల్లలు కూడా ఆట ఆపి చూస్తున్నారు. నేను ఏం మాట్లాడతానా అని ఎదురుచూస్తున్నారు, ఇప్పుడు నేను మాట్లాడితే వింటారు. మన కుంటిబల్ల మీద నిలబెట్టి నాకు పద్యాలు అప్పజెప్పించేదానివి, గుర్తుందా? అలాగే నోరు తెరిచాను. బాబాయి చాలా మంచివాడు అని, ఆయన పేరుమీద హాల్లో ఒక ఫొటో పెడతామని చెప్పాను. చప్పట్లు కొట్టారు. వెనక తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

వకీలు ఇందాకే వచ్చి వెళ్ళాడు. ముద్దాయి చనిపోయాడు కాబట్టి ఫైలు ఆయన పేరుమీదే మూసేస్తారట. నిన్నింక ఎవరూ ఏమీ అడగరు. సోమవారం పొద్దున వదిలేస్తారు.

గడియారం మళ్ళీ గోడకి తగిలించాను. సోమవారం జైలు గేటు దగ్గర ఎవరుంటారో రాయను.

మొండి